ఇంజను ఆగితే పెట్రోలూ ఆగాలి

విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్ నాడి తెలిసిన చేతులు రానురాను తగ్గిపోతున్నాయి. ఉన్న కొద్దిమందిలో ఒకాయన్ని మేమంతా బాబాయి అంటాం. ఆయన అన్నకొడుకు అదే షెడ్డులో వైరింగు పని చూస్తాడు. నా బండిది 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఎండాకాలం ఎక్కడైనా ఓ పావుగంట ఆపితే తిరిగి స్టార్టు కానని మొండికేస్తుంది. ఒకవేళ స్టార్టయినా కాస్త దూరం పోయి గుటగుటమని ఆగిపోతుంది. ఇంజను పక్కనుండే మెకానికల్ పంపును, షెడ్లలో ఏసీ పంపు అనేదాన్ని, తీసేసి ఎలక్ట్రిక్ పంపు వేద్దామంటాడు అబ్బాయి. వద్దంటాడు బాబాయి. అంబాసిడర్ తయారీ 2014లోనే నిలిచిపోయింది. అయినా వాటినీ, పద్మినీలనూ, కార్బొరేటర్ ఉన్న పాత మారుతీలనూ ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని ఈ వాదన రాస్తున్నాను.

అబ్బాయి: ఇందులో తేల్చాల్సిందేముంది బాబాయ్? ట్యాంకు బండి వెనక, పంపు బోనెట్ కింద. అంత దూరాన్నించి పెట్రోలు పీల్చుకోవాలి. పీల్చినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుద్ది. ఒత్తిడి తగ్గితే పెట్రోలు ఇంకా తొందరగా మరుగుద్ది. మామూలుగానే అందులో తేలిక భాగాలు 35, 40 డిగ్రీలకి ఆవిరవడం మొదలెడతాయి. మే నెలలో మన ఊళ్లో గాలే 45 డిగ్రీలుంటే బోనెట్ కింద ఎంతుంటుందో నీకు నేను చెప్పాలా? పంపులోకి ఆవిరొచ్చాక డయాఫ్రమ్ ఎంత కొట్టుకున్నా ఆ ఆవిరి నలిగి మళ్లీ సాగుద్ది తప్ప ముందుకి పోదు. వేపర్ లాకంటే ఇదేగా.

బాబాయి: అది నాకు తెలవదంట్రా? ఘాట్ రోడ్డు మీద పంపుకి తడిగుడ్డ చుట్టి బండ్లు ఎక్కించినోడిని. నేనడిగేది వేరే. ఇది వేపర్ లాకేనని తేల్చిందెవరు? బండి ఆగిపోయినప్పుడు ప్లగ్గు తీసి కరెంటు చూశారా? కాయిల్ వేడెక్కితే చచ్చిపోద్ది, చల్లారితే మళ్లీ లేస్తది. కండెన్సరూ అంతే. లక్షణం చూస్తే అచ్చం వేపర్ లాకే. గుడ్డ తడిపి పంపు మీదేసి, పది నిమిషాలాగి స్టార్టు చేస్తారు. స్టార్టవగానే గుడ్డ పనిచేసిందంటారు. ఆ పది నిమిషాల్లో కాయిల్ చల్లారిన సంగతి ఎవరికీ పట్టదు.

అబ్బాయి: కరెంటు ఉందే అనుకో.

బాబాయి: అప్పుడు ట్యాంకు మూత చూడాలి. మూతకి గాలి పోయే సందు మూసుకుపోతే, పెట్రోలు వాడేకొద్దీ ట్యాంకులో ఒత్తిడి పడిపోద్ది. కాసేపటికి ఏ పంపూ పీల్చలేదు. మూత తియ్యగానే బుస్సుమని శబ్దం వస్తే రోగం అక్కడే ఉన్నట్టు. తరవాత ట్యాంకు నించి పంపు దాకా రబ్బరు ముక్కలు. పీల్చే వైపు పైపుకి చీలికుంటే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోద్ది. తడి కనపడదు కాబట్టి ఎవరూ అనుమానించరు. ఇయ్యన్నీ చూశాక కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి, కాయిల్ వైరు పీకేసి, చల్లటి ఇంజను మీద సెల్ఫ్ కొట్టి సీసాలో పట్టు. పంపు బాగుంటే చిమ్మిచిమ్మి కొడతది. నీరసంగా కారితే విప్పుదాం. లివరు అరిగిందో, వాల్వులు పట్టట్లేదో తెలుస్తది. ఇవేమీ చూడకుండా కొత్త పంపు బిగిస్తే పాత జబ్బుకి తోడు కొత్త వైర్లొస్తాయి, అంతే.

ఇంతవరకు వాదన లేదు, బాబాయి చెప్పినట్టు చేయాల్సిందే. నేనెరిగిన పాత బండ్లవాళ్లు చాలామంది భాగం మార్చడానికి చూపే ఉత్సాహం లోపం వెతకడంలో చూపరు. అయితే అబ్బాయి అసలు పట్టు ఇక్కడ లేదు.

అబ్బాయి: సరే, అన్నీ చూసినా వేపర్ లాకే అనుకుందాం. నీ పంపు ఇంజనుకి బోల్టు వేసి ఉంటది. బ్లాకు వేడంతా దానికెక్కుద్ది. ఇంజను ఆపాక ఫ్యాను ఆగిపోద్ది, నీళ్లు తిరగడం ఆగిపోద్ది, వేడి మాత్రం ఇంకా పైకెక్కుద్ది. మన బండి ఆపిన పావుగంటకే మొరాయించేది అందుకే. అదే ఎలక్ట్రిక్ పంపుని వెనక ట్యాంకు పక్కన, ట్యాంకు అడుగుకి సమానంగా కిందికి పెట్టామనుకో, పెట్రోలు దానంతటదే పంపులోకి దిగుద్ది. అక్కణ్ణించి ముందుకి పైపు పొడుగునా ఒత్తిడే, పీల్పు ఉండదు. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత తొందరగా మరగదు. వేడి చోటునించి పంపుని తప్పించామా, పీల్చే దూరాన్ని జానెడు చేశామా, రెండు పనులూ ఒక్కసారే అయినాయి.

బాబాయి: ఆ మాట ఒప్పుకుంటా. కానీ జనం ఎక్కడ పెడుతున్నారో చూడు. వైరు దగ్గరని బోనెట్ కిందే, పాత పంపు పక్కనే బిగిస్తారు. ఎలక్ట్రిక్ పంపుకి తోసే బలమే గాని పీల్చే బలం తక్కువ. అంత దూరం పీల్చలేక గొంతెండి అరుస్తా ఉంటది. అప్పుడు పంపు మంచిది కాదంటారు.

అబ్బాయి: అట్టా పెట్టినోడిది తప్పు. పంపుది కాదు. ఇంకోటి చూడు. ఈ బండ్లు ఇప్పుడు రోజూ తిరగట్లేదు. వారానికో పదిరోజులకో బయటికి తీస్తారు. ఈలోగా కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఆరిపోద్ది, పైపులోది వెనక్కి దిగిపోద్ది. మళ్లీ అది నిండాలంటే సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోవాలి. పైగా అంతసేపు ఇంజను ఆయిలెక్కని బేరింగుల మీద తిరుగుద్ది. ఎలక్ట్రిక్ పంపైతే సెల్ఫ్ కొట్టిన కొద్ది క్షణాల్లో గిన్నె నిండుద్ది, మొదటి సెల్ఫుకే అందుకుంటది.

బాబాయి: ఏసీ పంపుకి కింద చేత్తో కొట్టే లివరుంటది. నాలుగుసార్లు కొడితే గిన్నె నిండుద్ది. బోనెట్ ఎత్తే ఓపిక లేకపోతే ఆ తప్పు పంపుదా?

అబ్బాయి: అన్ని పంపులకీ ఆ లివరు ఉండదుగా. ఉన్నా, క్యాము ఉబ్బు మీద లివరు ఆగితే నువ్వెంత కొట్టినా కదలదు. ఇంజను ఓ చుట్టు తిప్పి మళ్లీ కొట్టాల. అరవై ఏళ్ల మనిషి పంచెకట్టుతో గుళ్లోకి పోదామని బండి తీస్తే, బోనెట్ కింద దూరి చేతులు మసి చేసుకోమంటావా?

అబ్బాయి మాటల్లో నాకు బాగా నాటింది ఇదే. బండి వాడే తీరు మారింది. ఇంజను పక్కన పంపును బిగించినవాళ్లు రోజూ నడిచే బండిని ఊహించుకున్నారు. రోజుల తరబడి షెడ్డులో నిలబడే బండికి అది సహజంగా సరిపోయే ఏర్పాటు కాదు.

బాబాయి: నీ పంపు ఎంత ఒత్తిడి ఇస్తది?

అబ్బాయి: కార్బొరేటర్ బండ్లకని చేసినవి ఉన్నాయి. వాటిల్లో 1.5 నుంచి 4 పౌండ్ల దాకా ఇచ్చేది ఒక రకం, 4 నుంచి 7 ఇచ్చేది ఇంకో రకం. మనకి మొదటిదే. అవసరమైతే ముందు ఓ రెగ్యులేటర్ వేస్తా.

బాబాయి: అదీ మాట. ఏసీ పంపు రెండు రెండున్నర పౌండ్లకి మించి తొయ్యదు. లోపలి స్ప్రింగు ఎంతుంటే అంతే. కార్బొరేటర్ నిండి నీడిల్ మూసుకుందంటే డయాఫ్రమ్ కిందే ఉండిపోద్ది, లివరు ఊరికే ఆడుద్ది. అడగకుండా చుక్క పంపదు. మూడు పౌండ్లు దాటితే చాలా పాత కార్బొరేటర్లలో ఫ్లోటు ఆ నీడిల్‌ని ఆపలేదు. మొన్నొకరు పాత మారుతి ఇంజెక్షన్ బండి ట్యాంకులో పంపు తెచ్చి, ఇది వెయ్యమన్నారు. అది 40 పౌండ్ల పైన కొట్టే పంపురా! కార్బొరేటర్ నిండి వేడి మానిఫోల్డ్ మీద కారితే ఏమవుద్ది? నేను వెయ్యనన్నా. ఇంకెక్కడో వేయించుకునే ఉంటారు.

అబ్బాయి: పెద్ద పంపేస్తే పికప్ పెరుగుద్దన్న పిచ్చి కూడా ఉందిలే. లీటరుకి పది కిలోమీటర్లిచ్చే బండి 60 మీద పోతే గంటకి తాగేది 6 లీటర్లు. చిన్న పంపే అంతకి చాలా రెట్లు పోస్తది. పంపు మార్చినందుకు బలం చుక్క కూడా పెరగదు. ఆ ఆశతో వేయించుకుంటామంటే నేనూ వద్దనే చెబుతా.

బాబాయి: ఇప్పుడు అసలు సంగతికొస్తా. బండి గుద్దుకుంది. లేదా బోల్తా పడింది. ఇంజను ఆగింది. నా పంపు ఆ క్షణమే ఆగింది, ఎందుకంటే దాన్ని ఆడించేది ఇంజనే. తాళం అట్టాగే ఉంది. నీ పంపో? పైపు తెగిపోయినా టకటకమని కొట్టుకుంటానే ఉంటది. తెగిన చోటికల్లా పెట్రోలు మోసుకొచ్చి పోస్తది. దీనికేం చెప్తావు?

అబ్బాయి: దానికి స్విచ్చులున్నాయి బాబాయ్.

బాబాయి: ఉన్నాయి. వేసేదెవరు? షెడ్డుకొచ్చిన బండ్లు నేనూ చూస్తున్నాగా. ఇగ్నిషన్ నించి ఒక వైరు లాగుతారు, పంపుకి తగిలిస్తారు, డబ్బులు తీసుకుంటారు. రిలే లేదు, కొందరికి ఫ్యూజు కూడా లేదు. ఇంజనుతోపాటు పంపు ఆగడమనేది నువ్వు తీసి పారేసిన ఇనపముక్కలోనే ఉందిరా. వేరే స్విచ్చు అక్కర్లేకుండా, ఎవరి తెలివితోటీ పని లేకుండా ఉంది. దాన్ని తీసినోడు ఆ పని తిరిగి తన చేత్తో పెట్టి తీరాలి. పెట్టనోడికి ఆ పంపు ముట్టుకునే హక్కు లేదు.

ఇక్కడ నేను పూర్తిగా బాబాయి పక్షం. ఎలక్ట్రిక్ పంపు మంచిదా, మెకానికల్ మంచిదా అని రెండింటినీ పక్కపక్కన పెట్టి బేరీజు వేసేవాళ్లు ఒత్తిడీ ధరా మన్నికా చూస్తారు. ఏది ఎలా ఆగుతుందన్నది చూడరు. తోలేవాడి ప్రాణం ఉన్నది ఆ ఆగడంలోనే.

అబ్బాయి: వేస్తా. ఎట్టా వేస్తానో విను. పంపుకి కరెంటు రిలే ద్వారా పోద్ది, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. ఆ రిలేని లాగేది ఆయిల్ ప్రెషర్ స్విచ్చి. ఇంజను తిరిగితేనే ఆయిల్ ప్రెషర్, ప్రెషరుంటేనే పంపు. స్టార్టు చేసేటప్పుడు ప్రెషర్ ఉండదు కాబట్టి సెల్ఫ్ కొట్టినంతసేపే సెల్ఫ్ లైన్లోంచి దానికి కరెంటిస్తా. ఇంజను ఆగిందా, ప్రెషర్ పడిపోయిందా, పంపు బంద్. అది కాకపోతే కాయిల్లో వచ్చే పల్సుల్ని చూసి పనిచేసే రిలేలున్నాయి. పాయింట్లు కొట్టుకోవడం ఆగగానే రెండు క్షణాల్లో కట్ చేస్తయి. వీటిమీద ఇంకో ఇనర్షియా స్విచ్చి. ఫోర్డ్ కార్లలో ఉండేది చూశావుగా, అయస్కాంతం పట్టుకున్న ఇనప గుండు. గట్టి దెబ్బ తగిలితే గుండు ఎగిరి కరెంటు తెంపేస్తది. తిరిగి చేత్తో నొక్కితేనే వస్తది.

బాబాయి: ఆయిల్ ప్రెషర్ స్విచ్చంటే ఇంకో లాభం కూడా ఉందిలే. ఆయిలైపోతే ఇంజనే ఆగిపోద్ది.

అబ్బాయి: అదీ ఉంది. ఇప్పుడు నీ పంపు సంగతి నేనడుగుతా. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఎక్కడికి పోద్ది?

బాబాయి: కొంత బయటికి కారుద్ది. కొంత కింద చాంబర్లోకి దిగుద్ది.

అబ్బాయి: ఇంజను ఆయిల్లోకి. ఆయిల్ పలచబడుద్ది, గేజి తీస్తే పెట్రోలు వాసన, లెవెలు చూస్తే పెరిగి ఉంటది. పెరిగిందని సంబరపడి తోలితే బేరింగులు పోతయి. ఇప్పుడు బంకులో పోసేది పాత పెట్రోలు కాదు. 2022కి ఎతనాల్ పదిశాతం కలిసింది, 2023లో 20 శాతం మొదలైంది, 2025కి దేశమంతా అదే. నీ పంపు తయారైన రోజుల్లో రబ్బరు ఆ ఎతనాల్‌ని ఊహించి చేసింది కాదు. ఉబ్బుద్ది, గట్టిపడుద్ది, పగులుద్ది. నీళ్లు కూడా పీల్చుకుని ట్యాంకు తుప్పు లేపుద్ది.

బాబాయి: ఎతనాల్‌కి పంపు మారిస్తే సరిపోద్దా? పైపులన్నీ మార్చాలి, కార్బొరేటర్లో రబ్బర్లు మార్చాలి. పైగా కిలో పెట్రోలు మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఎతనాల్‌కి 9 చాలు. అదే జెట్టుతో 20 శాతం ఎతనాల్ పోస్తే మిశ్రమం పలచనై ఇంజను ఇంకా వేడెక్కుద్ది. జెట్టు సంగతి చూడకుండా పంపు మీద పడి ఏం లాభం? డయాఫ్రమ్ అంటావా, కిట్టు దొరుకుద్ది. ఆరు స్క్రూలు విప్పి రోడ్డు పక్కనే మార్చుకోవచ్చు. నీ పంపు పోతే? డబ్బాకి సీలు. విప్పడానికి లేదు. పోయేముందు చెప్పదు కూడా. నాది నెలరోజులు ముందు నించీ సణుగుద్ది.

అబ్బాయి: కిట్టు దొరుకుద్దన్నావు. ఏ రబ్బరుతో చేసిందో డబ్బా మీద రాసుందా? నా పంపు పోతే రెండు పైపులు, రెండు వైర్లు. డిక్కీలో ఇంకోటి పెట్టుకుంటే పావుగంట పని. ఆ మాటకొస్తే ఎలక్ట్రిక్ పంపు మనమేదో కొత్తగా కనిపెట్టిన తెగులు కాదు. 1948లో వచ్చిన మారిస్ మైనరుకి పుట్టుకతోనే ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు. మన అంబాసిడర్‌కి పెద్దన్న లాంటిదేగా ఆ మైనరు.

బాబాయి: ఆ పంపులో పాయింట్లుండేవి. కాలిపోయి ఆగిపోతే స్పానర్ వెనకభాగంతో నెత్తి మీద ఒకటిస్తే మళ్లీ టిక్కుమనేది. సరే, ఇప్పటివాటికి పాయింట్లు లేవంటావు. ఇంకోటి చెప్పు. బండి ఆపినాక మరిగేది పైపులో పెట్రోలే కాదు, కార్బొరేటర్ గిన్నెలోది కూడా. అది పొంగి మానిఫోల్డులో పడుద్ది. అప్పుడు ఇంజనుకి పెట్రోలు ఎక్కువై స్టార్టవదు. దానికి నీ పంపేం చేస్తది?

అబ్బాయి: ఏమీ చెయ్యదు. అది పంపు జబ్బు కాదు. కార్బొరేటర్ కింద వేడి ఆపే మందపాటి ప్యాకింగ్, సైలెన్సర్ వైపు రేకు అడ్డం. వీలైతే కార్బొరేటర్ ముందు సన్నటి బెజ్జమున్న టీ వేసి, మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగి పోయేటట్టు ఓ పైపు. పెట్రోలు తిరుగుతుంటే పైపులో నిలవుండి మరగదు.

బాబాయి: ఈ మాట ముందే చెప్పుంటే సగం వాదన తగ్గేది.

తర్వాత పని గురించి చాలాసేపు నడిచింది. పంపు ముందు జల్లెడలాంటి పెద్ద కళ్ల ఫిల్టరే ఉండాలి, సన్నటి కాగితం ఫిల్టర్ పంపు తర్వాతే. పీల్చే వైపు కాగితం పెడితే తుప్పుతో అది మూసుకుని మళ్లీ వేపర్ లాకే తెచ్చిపెడుతుంది. పంపును రబ్బరు బుష్‌ల మీద బిగిస్తారు కాబట్టి ఛాసిస్ నుంచి ఎర్త్ అందదు. రంగు గీకి, దానికి వేరే ఎర్త్ వైరు వెయ్యాలి. కొన్ని పాత బ్రిటిష్ బండ్లకు బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ అవుతుంది. ఈ రకం పంపుకు వైర్లు తిరగేస్తే మొదటి రోజే చస్తుంది. పైపు సైలెన్సర్‌కి దూరంగా పోవాలి, డిక్కీలోకి గాని లోపలికి గాని రాకూడదు. వీటిలో ఇద్దరికీ పేచీ లేదు. పేచీ మళ్లీ ఒక్కచోట లేచింది.

బాబాయి: ఏసీ పంపుని ఊడదియ్యమాక. నీ పంపు దాని వెనకే తోస్తది. నీది చస్తే నాది ఉంటది.

అబ్బాయి: వద్దు బాబాయ్. నీ డయాఫ్రమ్ చిరిగిన రోజు నా పంపు దాంట్లోంచి ఇంజను ఆయిల్లోకి పెట్రోలు తోస్తానే ఉంటది. నీ పంపు ఒక్కటే ఉన్నప్పటికంటే ఎక్కువ నష్టం.

బాబాయి కాసేపు ఆలోచించాడు. ఈ ఒక్క విషయంలో పట్టు వదిలాడు.

బాబాయి: నిజమే. ఊడదీద్దాం. ఆ బెజ్జానికి మందపాటి పట్టీ నేనే కోసిస్తా, ప్యాకింగ్ వేసి. రేకు ముక్క పెడితే ఒంగి ఆయిల్ కారుద్ది. తీసిన పంపుకి కిట్టు వేసి, నూనె రాసి డిక్కీలో పెడదాం. ఎప్పుడు కావాలన్నా రెండు బోల్టుల పని.

అబ్బాయి: అయితే ఒప్పుకున్నట్టేగా?

బాబాయి: ఒప్పుకోలా. ఇప్పుడు బండి బయటికి తీసి ఎండలో బెంజ్ సర్కిల్ దాకా తిప్పుకొచ్చి ఆపు. మొరాయించినప్పుడు ప్లగ్గు కరెంటు చూద్దాం, ట్యాంకు మూత తీసి చూద్దాం. రెండూ బాగుంటేనే నీ పంపు. బిగించాక ఇంజను ఐడిల్ మీదుండగా ఆయిల్ స్విచ్చి వైరు పీకుతా. పంపు టకటక అప్పటికప్పుడే ఆగాలి. ఇంజను గిన్నెలో ఉన్న పెట్రోలుతో ఒకటి రెండు నిమిషాలు నడిచి ఆగుద్ది, అది మామూలే. తరవాత ఇనర్షియా స్విచ్చి మీద సుత్తి పిడితో కొడతా, దానికీ ఆగాలి. ఈ రెండిట్లో ఏది ఆగకపోయినా బండి షెడ్డు గడప దాటదు, సొంతదారు ఎంత తొందరపడినా సరే.

చివరి మాట నా వైపు చూసే అన్నాడు. తాళం అబ్బాయికిచ్చాను.